కీమోలో హిమోగ్లోబిన్ పడిపోతే: టానిక్ కొనే ముందు తెలుసుకోవాల్సినవి

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. అమ్మకు 54 ఏళ్ళు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు తిరుపతిలో రేడియేషన్, దాంతోపాటు వారానికొక సిస్‌ప్లాటిన్ కీమో నడుస్తున్నాయి. మొదటి కీమోకు ముందు హిమోగ్లోబిన్ 10.6. మూడు వారాల తర్వాత నాలుగో కీమోకు వెళ్ళేసరికి 8.3 అయింది, ఆ వారం కీమో ఆపారు. బంధువులు బీట్‌రూట్, దానిమ్మ అంటున్నారు. మెడికల్ షాపులో ఐరన్ టానిక్ ఇచ్చారు. పక్క బెడ్ వాళ్ళు రక్తం ఎక్కిస్తే సరిపోతుందంటున్నారు. అసలు ఎందుకు పడిపోతోంది? ఏం చేయాలి?

సమాధానం:

అన్నిటికంటే ముందు ఒక మాట. కీమో ఒక వారం ఆగితే కంగారు పడకండి. రేడియేషన్‌ను మాత్రం మీ అంతట మీరు ఆపకండి. ఈ క్యాన్సర్‌లో బయటి నుంచి ఇచ్చే రేడియేషన్, ఆ తర్వాత లోపల పెట్టి ఇచ్చే బ్రాకీథెరపీ, రెండూ కలిపి 8 వారాల్లోపు పూర్తి కావాలని చూస్తారు. అంతకంటే సాగితే క్యాన్సర్ లొంగడం తగ్గుతుంది. "రక్తం తక్కువైంది కదా, పది రోజులు ఊరికి పోయి బలంగా తిని వద్దాం" అని బస్సెక్కేవాళ్ళను చాలామందిని చూశాను. ఆ పది రోజుల్లో పెరిగే హిమోగ్లోబిన్ అర పాయింటు కూడా ఉండదు. పోయేది మాత్రం పెద్దది.

ఇక మీ అంకెల సంగతి. నా ఉద్యోగం ఎక్కువగా క్యాన్సర్ రోగుల రక్త పరీక్షల చుట్టూ సాగింది కాబట్టి ఎవరైనా "కీమో వల్ల పడిపోయింది" అనగానే నేను ముందు లెక్క వేస్తాను. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. అంటే ఎముక మజ్జ పూర్తిగా పని మానేసినా రోజుకు పోయేది నూటికి ఒక వంతు లోపే. మీ అమ్మగారి 10.6 మీద 21 రోజులకు లెక్కేస్తే 1.9 దాకా పోవాలి, అంటే 8.7 దగ్గర ఆగాలి. అది కూడా మజ్జ ఒక్క కణం కూడా తయారు చేయకపోతేనే. వారానికొక సిస్‌ప్లాటిన్‌తో మజ్జ అంతగా మూతపడదు. కానీ రిపోర్టులో ఉన్నది 8.3. క్యాన్సర్‌లో కణాల ఆయుష్షు కొంత తగ్గుతుందన్నది కలుపుకున్నా, ఇక్కడ కీమో కాకుండా ఇంకేదో కూడా ఉందని ఆ అంకె చెబుతోంది.

ఈ లెక్క ఎవరికైనా పనికొస్తుంది. హిమోగ్లోబిన్ నెలల మీద మెల్లగా, ఒక్కో కీమోకు కొంచెం కొంచెంగా దిగితే మజ్జ దెబ్బతినడం అనుకోవచ్చు. ఒకే వారంలో 2 పాయింట్లు పడితే అది కీమో పని కాదు. రక్తం ఎక్కడో పోతోంది, లేదా కణాలు లోపలే పగిలిపోతున్నాయి, లేదా సెలైన్‌తో రక్తం పలచబడింది. మూడోది చాలామందికి తట్టదు. సిస్‌ప్లాటిన్ ఇచ్చిన రోజు కిడ్నీలను కాపాడటానికి సెలైన్ లీటర్లకొద్దీ ఎక్కిస్తారు. మర్నాడు పొద్దున్నే రక్తం తీస్తే హిమోగ్లోబిన్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. రిపోర్టుల మీద తేదీ, సమయం ఉంటాయి. కీమో తేదీల పక్కన పెట్టి చూడండి.

మీ అమ్మగారి విషయంలో నా మొదటి అనుమానం బ్లీడింగ్ మీదే. ఈ క్యాన్సర్ బయటపడేదే చాలాసార్లు బ్లీడింగ్‌తో. ముట్లు నిలిచిపోయాక మళ్ళీ ఎరుపు కనిపిస్తే మన ఊళ్ళలో ఆడవాళ్ళు నెలల తరబడి ఎవరికీ చెప్పరు. ఆస్పత్రికి వచ్చేసరికే శరీరంలోని ఐరన్ నిల్వ ఖాళీ అయి ఉంటుంది. హిమోగ్లోబిన్ 10 ఉన్న రక్తం 100 మిల్లీలీటర్లు పోతే దాంతో 34 మిల్లీగ్రాముల ఐరన్ పోతుంది. మామూలు తిండి నుంచి పేగులు రోజుకు ఒంట్లోకి తీసుకునేది 1, 2 మిల్లీగ్రాములే. చిన్న గ్లాసుడు రక్తానికి రెండున్నర నుంచి ఐదు వారాల తిండి ఖర్చయిపోతుందన్నమాట. అమ్మగారిని కూర్చోబెట్టి నిదానంగా అడగండి: రోజుకు ఎన్ని ప్యాడ్లు లేదా గుడ్డలు మారుస్తున్నారు, గడ్డలు పడుతున్నాయా, మూత్రంలో, మలంలో ఎరుపు ఉందా. కొడుకుతో చెప్పడానికి మొహమాటపడితే అక్కతోనో, పిన్నమ్మతోనో అడిగించండి. ఆ జవాబు డాక్టరుకు సగం పరీక్షలతో సమానం. గంటలోపు ప్యాడ్ తడిసిపోతుంటే మాత్రం ఓపీ రోజు కోసం ఆగకూడదు, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాలి.

రెండోది, రేడియేషన్ పడే చోటు. మన వైపు "కరెంటు పెట్టడం" అంటారు కదా, అది కటి భాగం (నడుము కింద, తుంటి ఎముకల మధ్య) మీద పడుతుంది. పెద్దవాళ్ళలో రక్తం తయారయ్యే మజ్జ ఒళ్ళంతా ఉండదు. కటి ఎముకల్లో, నడుము వెన్నుపూసల్లోనే దాదాపు సగం ఉంటుంది. అదే చోట రేడియేషన్, పైన సిస్‌ప్లాటిన్. రొమ్ముకు రేడియేషన్ తీసుకునే వాళ్ళకు రక్తం ఇంతగా తగ్గకపోవడానికి కారణం కూడా ఇదే.

మూడోది కిడ్నీ. ఎర్రకణాలు చేయమని మజ్జకు కబురు పంపేది కిడ్నీలో తయారయ్యే ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోన్. సిస్‌ప్లాటిన్ ఆ కిడ్నీనే ఇబ్బంది పెడుతుంది. అందుకే కార్బోప్లాటిన్, సిస్‌ప్లాటిన్ లాంటి ప్లాటినం మందులు వాడేవాళ్ళలో రక్తహీనత ఎక్కువ. కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ మొదట 0.7 ఉండి ఇప్పుడు 1.1 అయితే రిపోర్టులో అది "నార్మల్" గీత లోపలే కనిపిస్తుంది. ఆ మనిషికి మాత్రం అది పెరిగినట్టే. వాంతులై నీళ్ళు తాగలేకపోయినప్పుడు ఇది మరీ తొందరగా జరుగుతుంది.

ఈ మూడూ కాకుండా, అమ్మగారు మొదలుపెట్టిందే 10.6 దగ్గర. ఆడవాళ్ళకు 12 కంటే తక్కువ, మగవాళ్ళకు 13 కంటే తక్కువ ఉంటే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది, వాళ్ళకు క్యాన్సర్ లేకుండానే. యూరప్‌లో 24 దేశాల్లో 15 వేల మందికి పైగా క్యాన్సర్ రోగులను గమనించిన పెద్ద సర్వే ఒకటి 2004లో వచ్చింది. చేరినప్పుడు 39 శాతం మందికి రక్తహీనత ఉంటే, ఆ సర్వే సాగిన కాలంలో ఏదో ఒక సమయంలో రక్తం తగ్గినవాళ్ళు 67 శాతం. ఎవరికి తగ్గుతుందో ముందే ఊహించగల లక్షణాలు అందులో తేలాయి: మొదటే హిమోగ్లోబిన్ తక్కువగా ఉండటం, ఊపిరితిత్తుల లేదా స్త్రీ జననాంగాల క్యాన్సర్, ప్లాటినం మందు, స్త్రీ కావడం. మీ అమ్మగారికి నాలుగూ ఉన్నాయి. కాబట్టి ఇది ఎవరో సరిగ్గా వండిపెట్టకపోవడం వల్ల వచ్చింది కాదు. ఇంట్లో ఆ నింద ఎవరి మీదైనా వేస్తుంటే ఆపేయండి.

ఇప్పుడు ఐరన్ టానిక్. ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఎక్కువ డబ్బు, ఎక్కువ సమయం వృథా అయ్యేది దీని దగ్గరే. క్యాన్సర్ ఉన్న ఒంట్లో ఎప్పుడూ కొంత ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు) రగులుతూ ఉంటుంది. దానికి స్పందించి లివర్ హెప్సిడిన్ అనే పదార్థాన్ని ఎక్కువగా విడుదల చేస్తుంది. హెప్సిడిన్ పెరిగితే పేగు ఐరన్‌ను లోపలికి రానివ్వదు, నిల్వలో ఉన్న ఐరన్‌ను బయటికీ వదలదు. గోదాము నిండా వడ్లున్నా తాళం చెవి లేనట్టు ఉంటుంది పరిస్థితి. అలాంటప్పుడు టానిక్ ఎంత తాగినా మలబద్ధకం, కడుపులో తిప్పడం తప్ప రక్తం పెద్దగా పెరగదు.

పరీక్షల్లో కూడా ఇదే తిరకాసు. ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ మామూలు మనిషిలో తక్కువుంటే ఐరన్ లేదని అర్థం. క్యాన్సర్‌లో ఇన్‌ఫ్లమేషన్ వల్ల ఫెరిటిన్ తనంతట తానే పెరుగుతుంది. 30 కంటే తక్కువ వస్తే ఐరన్ లేదని నిస్సందేహంగా చెప్పొచ్చు. 90 వచ్చిందనుకోండి, ల్యాబ్ కాగితం నార్మల్ అంటుంది, కానీ క్యాన్సర్ రోగిలో అది కొరతే కావచ్చు. అందుకే ఫెరిటిన్‌తోపాటు ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఐరన్‌ను మోసే ప్రొటీన్ ఎంత శాతం నిండి ఉందో చెప్పేది) కూడా చూడాలి. అది 20 శాతం కంటే తక్కువుంటే మజ్జకు ఐరన్ అందడం లేదు. యూరప్ క్యాన్సర్ వైద్యుల సంఘం 2018 మార్గదర్శకాలు కూడా ఫెరిటిన్ 100 కంటే తక్కువున్నా, శాచురేషన్ 20 కంటే తక్కువున్నా కొరతగానే చూడమంటాయి. ఒక జాగ్రత్త: ఐరన్ మాత్ర వేసుకున్న రోజే రక్తం ఇస్తే శాచురేషన్ అబద్ధం చెబుతుంది. ఒకటి రెండు రోజులు మాత్ర ఆపి, పొద్దున్నే పరగడుపున ఇవ్వడం మంచిది.

ఈ రెండింటికంటే ముందు చూడాల్సింది మీ చేతిలో ఇప్పటికే ఉన్న కంప్లీట్ బ్లడ్ పిక్చర్. అందులో ఎంసీవీ అని ఒక అంకె ఉంటుంది, ఎర్రకణం సైజు అది. 80 నుంచి 100 మధ్య మామూలు. 80 లోపుంటే ఐరన్ కొరత వైపు మొగ్గు. మరీ 65, 70 ఉండి, ఎర్రకణాల సంఖ్య మాత్రం బాగానే ఉంటే పుట్టుకతో వచ్చే తలసీమియా ట్రెయిట్ (హిమోగ్లోబిన్ తయారీలో చిన్న జన్యు లోపం) అయి ఉండొచ్చు. అలాంటివాళ్ళు ఏళ్ళ తరబడి అనవసరంగా ఐరన్ మింగుతూ కనిపిస్తుంటారు. 100 దాటితే బి12, ఫోలిక్ యాసిడ్ కొరత, లేదా కొన్ని మందుల ప్రభావం. బి12 సంగతి చెప్పాలంటే, శనివారాలు, పెరటాసి నెల, ఏడుకొండలవాడి మొక్కులు అని మాంసం, గుడ్డు మానేసేవాళ్ళు మన జిల్లాలో ఎక్కువ. వారానికి ఒకటి రెండు రోజులు మానితే ఏమీ కాదు. చాలా కాలంగా పూర్తిగా మానేసినవాళ్ళలో, అందులోనూ పాలు పెరుగు కూడా సయించనివాళ్ళలో బి12 అనుమానించాలి. రెటిక్యులోసైట్ కౌంట్ అని ఇంకో చవకైన పరీక్ష ఉంది. కొత్త కణాలు వస్తున్నాయా లేదా అన్నది అదే చెబుతుంది. ఎందుకో మనవాళ్ళు దీన్ని తక్కువగా రాస్తారు. మీరు అడగండి, తప్పులేదు.

ఐరన్ కొరత అని తేలితే ఏం చేయాలి? కీమో నడుస్తున్నప్పుడు సెలైన్‌లో ఎక్కించే ఐరనే మేలు. ఐరన్ సుక్రోజ్ అయితే కొన్ని విడతలుగా, ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అయితే ఒకటి రెండు సార్లలో అయిపోతుంది. జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఇవ్వకూడదు. ఇచ్చిన మర్నాడే ఫలితం ఆశించకండి, రెండు మూడు వారాలు పడుతుంది. అందుకే మీ పరిస్థితిలో డాక్టరు ముందు రక్తం ఎక్కించి, పక్కనే ఐరన్ కూడా ఇస్తామంటే అది సరైన ఆలోచనే.

రక్తం ఎక్కించడం గురించి. ఒక ప్యాకెట్ ఎర్రకణాలతో హిమోగ్లోబిన్ సుమారు 1 పాయింటు పెరుగుతుంది. మామూలుగా 7, 8 కంటే దిగితేనో, ఆయాసం, గుండె దడ, ఛాతీ నొప్పి ఉంటేనో ఎక్కిస్తారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ నడిచేటప్పుడు మాత్రం చాలా చోట్ల 10 దగ్గర ఉంచాలని చూస్తారు. కణితికి ఆక్సిజన్ అందకపోతే రేడియేషన్ పట్టు తగ్గుతుందని, తక్కువ హిమోగ్లోబిన్ ఉన్నవాళ్ళలో ఫలితాలు బాగాలేవని పాత అధ్యయనాల్లో కనిపించడం దానికి కారణం. అయితే తక్కువ హిమోగ్లోబిన్ వల్లే ఫలితం చెడిందా, లేక పెద్ద కణితి ఉన్నవాళ్ళకే రక్తం ఎక్కువ పోయి హిమోగ్లోబిన్ తగ్గిందా అన్నది విడదీయడం కష్టం. నా మటుకు నేను, బ్లీడింగ్ ఆగని మనిషికి 8.3 దగ్గర ఒక ప్యాకెట్ ఎక్కించడానికే మొగ్గుతాను. ఒకే సాయంత్రం రెండు మూడు ప్యాకెట్లు వేగంగా ఎక్కించమని మాత్రం అడగకండి. సన్నగా ఉన్న ఆడవాళ్ళకు, గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకు ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది. ఎక్కుతున్నప్పుడు చలి, వణుకు, దద్దుర్లు, నడుము నొప్పి ఏది వచ్చినా వెంటనే సిస్టర్‌ను పిలవండి. "అయిపోయాక చెబుదాంలే" అనుకోకూడదు.

బ్లడ్ బ్యాంకులో బదులు రక్తం అడిగితే మీ తమ్ముడో, మేనమామో ఇవ్వొచ్చు, అది వేరే వాళ్ళకు వెళుతుంది, ఇబ్బంది లేదు. దగ్గరి రక్త సంబంధీకుల రక్తాన్నే నేరుగా అమ్మకు ఎక్కించాలని పట్టుబట్టవద్దు. అరుదుగానే అయినా, వాళ్ళ తెల్లకణాలు రోగి శరీరం మీద దాడి చేసే ప్రాణాంతక సమస్య వస్తుంది. అలా తప్పనప్పుడు ఆ ప్యాకెట్‌ను ముందుగా రేడియేట్ చేస్తారు. "సొంత రక్తమే మంచిది" అన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు.

ఎవరైనా ఎరిత్రోపొయిటిన్ ఇంజెక్షన్ సంగతి చెబితే ఇది గుర్తుపెట్టుకోండి. డయాలసిస్ రోగులకు అది వరం. క్యాన్సర్‌లో కథ వేరు. 2003లో తల, మెడ క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకుంటున్న వాళ్ళ మీద వచ్చిన ఒక అధ్యయనంలో ఆ ఇంజెక్షన్‌తో హిమోగ్లోబిన్ చక్కగా పెరిగింది, క్యాన్సర్ అదుపు మాత్రం అధ్వాన్నమైంది. 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాని మీద తీవ్ర హెచ్చరిక పెట్టింది. రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదం కూడా ఉంది. జబ్బు పూర్తిగా నయం చేయాలన్న ఉద్దేశంతో చికిత్స జరుగుతున్నప్పుడు దాన్ని వాడరు. మీ అమ్మగారి చికిత్స అలాంటిదే.

తిండి. బీట్‌రూట్ ఎర్రగా ఉంటుంది కాబట్టి రక్తం పడుతుందని నమ్మకం. 100 గ్రాముల బీట్‌రూట్‌లో 1 మిల్లీగ్రాము ఐరన్ కూడా ఉండదు. దానిమ్మలో ఇంకా తక్కువ. భారత వైద్య పరిశోధన మండలి 2020 లెక్క ప్రకారం పిల్లలు కనే వయసు స్త్రీకే రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి. ఇష్టమైతే తాగనివ్వండి, కానీ ఇంట్లో శుభ్రంగా చేసి. తెల్లకణాలు తగ్గినప్పుడు రోడ్డు పక్క ఐసు వేసిన జ్యూస్ తాగితే విరేచనాలు పట్టుకుంటాయి. ఇంకో చిక్కు: బీట్‌రూట్ తాగాక కొందరికి మూత్రం, మలం ఎర్రగా వస్తాయి. ఐరన్ మాత్రలతో మలం నల్లగా వస్తుంది. బ్లీడింగ్‌ను వెతుకుతున్న ఈ సమయంలో రెండూ తికమక పెడతాయి. ఏం తిన్నారో డాక్టరుకు చెప్పండి.

రాగి సంగటి మానాల్సిన పనిలేదు. అందులో ఐరన్ కొంత ఉన్నా, గింజలోనే ఉండే ఫైటేట్లు, టానిన్లు అనే పదార్థాలు దాన్ని ఒంటికి సరిగా పట్టనివ్వవు, కాబట్టి దాని మీదే ఆధారపడవద్దు. గుడ్డు, చికెన్, చేప, సయిస్తే మేక లివర్, బాగా ఉడికించి పెట్టండి. శాకాహారులైతే ఉలవలు, అలసందలు, మునగాకు, శెనక్కాయలు పెట్టి, పైన నిమ్మకాయ పిండండి, సి విటమిన్ ఉంటే ఐరన్ బాగా పడుతుంది. భోజనం అయిన వెంటనే టీ, కాఫీ వద్దు, గంటన్నర ఆగాలి. అసలు ఏమీ తినలేకపోతుంటే ఐరన్ సంగతి తర్వాత, ముందు వాంతుల మందు సరిచేయమని అడగండి. పసరు మందులు, భస్మాలు మాత్రం పూర్తిగా వద్దు. కొన్నింటిలో సీసం లాంటి లోహాలు ఉంటాయి. సీసం రక్తాన్ని తగ్గిస్తుంది, సిస్‌ప్లాటిన్‌తో అలసిన కిడ్నీని ఇంకా పాడుచేస్తుంది.

తిరుపతిలో గది తీసుకుని ఉండేవాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది, మీరు అడగకపోయినా చెబుతాను. కాలినడకన కొండెక్కే మొక్కు. అలిపిరి దారిలో మెట్లు సుమారు 3,550, శ్రీవారి మెట్టు దారి పొట్టిదే కానీ ఏటవాలు ఎక్కువ. 8 పాయింట్ల హిమోగ్లోబిన్‌తో రెండూ వద్దు. బస్సులో వెళ్ళి దర్శనం చేసుకోమనండి, అదీ తెల్లకణాలు బాగున్న వారం చూసి. మొక్కు నడిచే తీర్చాలంటే చికిత్స అయ్యాక, హిమోగ్లోబిన్ 11 దాటి, గుండె సరిగా ఉందని డాక్టరు చెప్పాక చూసుకోవచ్చు.

వేరే క్యాన్సర్ల వాళ్ళు ఇది చదువుతుంటే వాళ్ళకు నాలుగు ముక్కలు. రక్త క్యాన్సర్, మల్టిపుల్ మైలోమా అయితే మజ్జే జబ్బు చోటు, చికిత్స పనిచేస్తేనే హిమోగ్లోబిన్ లేస్తుంది. ప్రోస్టేట్‌కు హార్మోన్ చికిత్సలో 1 నుంచి 2 పాయింట్లు తగ్గడం సహజం, ఇంకా తగ్గితే వెతకాలి. కొన్ని అండాశయ, రొమ్ము క్యాన్సర్లకు ఇచ్చే ఓలాపరిబ్ లాంటి మాత్రలతో రక్తహీనత మామూలే, డోసు సర్దుతారు. ఆపరేషన్‌లో జీర్ణాశయం మొత్తం తీసేసిన వాళ్ళకు బి12 ఇంజెక్షన్ జీవితాంతం కావాలి. లివర్‌లో నిల్వ ఉండటం వల్ల కొరత బయటపడటానికి కొన్నేళ్ళు పడుతుంది, అప్పటికి అందరూ ఆపరేషన్ సంగతి మర్చిపోయి ఉంటారు.

అమ్మగారి విషయంలో ఇప్పుడు డాక్టరును అడగాల్సినవి: బ్లీడింగ్ ఎంత, కణితి దగ్గర ప్యాకింగ్ (రక్తం ఆగడానికి గాజు గుడ్డ దూర్చడం) అవసరమా, క్రియాటినిన్ మొదటి నుంచి ఎలా మారింది, ఎంసీవీ, రెటిక్యులోసైట్, ఫెరిటిన్, శాచురేషన్ ఎంత. రక్తం ఎక్కించబోతుంటే ఐరన్, బి12 పరీక్షలకు రక్తం అంతకుముందే తీయించండి, ఎక్కించాక ఆ అంకెలను నమ్మలేం. జ్వరం 100.4 దాటినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా, ఛాతీ నొప్పి అన్నా రాత్రయినా ఆస్పత్రికి వెళ్ళాలి.

చికిత్స పూర్తయ్యాక హిమోగ్లోబిన్ మెల్లగా లేస్తుంది, నెలలు పడుతుంది. రేడియేషన్ పడిన కటి మజ్జ పూర్తిగా కోలుకోకపోవచ్చు, మిగతా ఎముకలు ఆ పని కొంత అందుకుంటాయి. మూడు నెలలకు ఒకసారి రక్తం చూపించండి. లేచిన హిమోగ్లోబిన్ మళ్ళీ దిగితే కొత్తగా బ్లీడింగ్ ఉందేమో, క్యాన్సర్ తిరగబెట్టిందేమో చూడాలి. ఎంసీవీ పెరుగుతూ పోతే బి12 చూడాలి. చిన్న పేగు చివరి భాగం కూడా రేడియేషన్ దారిలోనే ఉంటుంది, బి12ను లోపలికి తీసుకునేది ఆ భాగమే. ఇది రెండు మూడేళ్ళ తర్వాత కూడా బయటపడవచ్చు కాబట్టి రేడియేషన్ సమ్మరీ కాగితాన్ని ఫైల్లోనే భద్రంగా ఉంచండి, పలమనేరులో చూపించుకున్నా ఆ డాక్టరుకు అది అవసరమవుతుంది.